బొమ్మ మారాలి, చిరునామా మారకూడదు

ముగ్గుల పోటీ పోస్టర్‌లో "ఉదయం 8 గంటలకు" అని ఉండాల్సిన చోట "సాయంత్రం 8 గంటలకు" అని పడిందనుకుందాం. పోస్టర్ అప్పటికే వెబ్‌సైటులోకి ఎక్కింది. దాని లింకు నాలుగు వాట్సాప్ గ్రూపుల్లోకి, ఒక అపార్ట్‌మెంట్ సంఘం పేజీలోకి, ఎవరో పంపిన ఈమెయిల్‌లోకి వెళ్లిపోయింది. తప్పు గమనించిన నిర్వాహకులు పాత ఫైలు తీసేసి, దిద్దిన పోస్టర్‌ను "పోస్టర్-కొత్తది" అనే పేరుతో మళ్లీ ఎక్కించారు. తమ పేజీ తెరిచి చూసుకుంటే అంతా బాగానే ఉంది. బయట తిరుగుతున్న లింకులన్నీ మాత్రం ఆ నిమిషం నుంచే పనిచేయడం మానేశాయి. తప్పు సమయం చూసినవాళ్లకు సరైన సమయం అందలేదు సరికదా, ఉన్న పోస్టర్ కూడా కనిపించకుండా పోయింది.

ఈ పొరపాటు చిన్నా పెద్దా సైట్లన్నిటిలోనూ జరుగుతూనే ఉంటుంది. వెబ్ పేజీలో బొమ్మ ఉండదు, బొమ్మ ఎక్కడుందో చెప్పే చిరునామా మాత్రమే ఉంటుంది. 1993 ఫిబ్రవరిలో మార్క్ ఆండ్రీసన్ బొమ్మ పెట్టమని పేజీ కోడులో చెప్పే 'ఐఎంజీ' ట్యాగును ప్రతిపాదించిన నాటి నుంచీ ఇదే పద్ధతి. పేజీ తెరిచినప్పుడు బ్రౌజర్ ఆ చిరునామాకు వెళ్లి బొమ్మను తెచ్చి అతికిస్తుంది. దీనివల్ల ఒక్కచోట ఫైలు దిద్దితే, ఆ చిరునామాను వాడుకున్న వంద పేజీల్లోనూ దిద్దినట్టే. ఒక్కచోట ఫైలు పోతే వంద పేజీల్లోనూ పోయినట్టే. 2017లో ఫొటోబకెట్ సంస్థ, తన దగ్గర దాచిన ఫొటోలు ఇతర సైట్లలో కనపడాలంటే ఏడాదికి 399.99 డాలర్ల ప్లాన్ తీసుకోవాలని నిబంధన పెట్టింది. ఏళ్ల తరబడి రాసుకున్న ట్యుటోరియళ్లలో, చర్చల్లో, అమ్మకాల ప్రకటనల్లో ఫొటోలున్న చోట ఒకే రకం హెచ్చరిక బొమ్మ వచ్చి కూర్చుంది. రాసినవాళ్లు అక్షరం కూడా మార్చలేదు. చిరునామా అవతలివైపు మారింది, అంతే.

2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత అందుబాటులో లేవని అమెరికా పరిశోధన సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో లెక్క తేల్చింది. అది పేజీల లెక్క. పేజీ బతికే ఉండి, అందులో బొమ్మలు మాత్రం పోయిన సందర్భాలు ఇందులోకి రావు. చిరునామాలు వాటంతట అవి మారవు, మనుషులే మారుస్తారని వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే రాశారు. బొమ్మల విషయంలో ఆ మాట ఇంకా గట్టిగా వర్తిస్తుంది. పేజీ చిరునామా మార్చేటప్పుడు ఒక్క క్షణమైనా ఆలోచిస్తారు గానీ, ఫొటో ఫైలు పేరు మార్చేటప్పుడు ఎవరూ ఆలోచించరు.

అసలు పని మొదలుపెట్టే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. బాగుచేస్తున్నది అదే బొమ్మనా, లేక దాని స్థానంలో వేరే బొమ్మ పెడుతున్నామా? సమయం దిద్దిన పోస్టర్, రంగులు సరిచేసిన ఫొటో, సైజు తగ్గించిన ఫైలు, అక్షరదోషం తీసేసిన పట్టిక, ఇవన్నీ మొదటి రకం. వీటికి పాత చిరునామాయే ఉండాలి, ఎందుకంటే ఆ లింకు ఇచ్చినవాళ్లు కోరుకున్నది ఇదే బొమ్మను. పోయినేడాది ముగ్గుల పోటీ పోస్టర్ ఉన్న చోట ఈ ఏడాది పోస్టర్ పెట్టడం రెండో రకం. అక్కడ పాత చిరునామా వాడితే, పోయినేడాది పోటీ గురించి రాసిన ప్రతి పేజీలోనూ ఈ ఏడాది తేదీ ప్రత్యక్షమవుతుంది. లింకు తెగలేదు గానీ అబద్ధం చెప్పడం మొదలుపెట్టింది. తెగిన లింకు కంటే ఇది ఎక్కువ నష్టం, ఎందుకంటే తెగిన లింకు కనీసం తెగినట్టు కనిపిస్తుంది. వార్తా సైటులో ఒక సంఘటన ఫొటో స్థానంలో అదే పేరుతో మరో సంఘటన ఫొటో పెట్టడం ఇంకా తీవ్రమైన విషయం. అది దిద్దుబాటు కిందకు రాదు.

మొదటి రకం సంగతే ముందు చూద్దాం. సూత్రం ఒక్కటే. అదే ఫోల్డరు, అదే పేరు, అదే ఎక్స్‌టెన్షన్ (పేరు చివర ఫైలు రకం చెప్పే ముక్క). చెప్పడానికి ఇంతే. చేసేటప్పుడు పేరు దగ్గరే కాలు జారుతుంది. విండోస్ కంప్యూటరుకు ఇంగ్లిషు పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడా పట్టదు. ఎక్కువ వెబ్‌సైట్లు నడిచే లినక్స్ సర్వర్‌కు పడుతుంది. కెమెరా నుంచి వచ్చిన ఫైలు చివర 'జేపీజీ' పెద్దబడిలో ఉంటే, దిద్దిన తర్వాత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ చిన్నబడిలో సేవ్ చేసిందంటే, సర్వర్ దృష్టిలో అవి రెండు వేర్వేరు ఫైళ్లు. కొత్తది ఎక్కినా పాతది అక్కడే ఉంటుంది, పేజీలో పాతదే కనిపిస్తుంది.

తెలుగులో ఫైలు పేర్లు పెట్టేవాళ్లకు ఇంకో చిక్కుంది. దీని గురించి ఎక్కడా పెద్దగా చెప్పరు గనుక కాస్త వివరంగా చూడాలి. "హైదరాబాద్" అనే పేరును కంప్యూటర్ 9 యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే ప్రమాణం) గుర్తులుగా దాస్తుంది. హ, ఐత్వం, ద, ర, దీర్ఘం, బ, దీర్ఘం, ద, పొల్లు. ఒక్కో తెలుగు గుర్తుకు వాటిని దాచే పద్ధతైన యూటీఎఫ్-8లో 3 బైట్లు, వెబ్ చిరునామాలో ఒక్కో బైటుకు శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలు. అంటే ఈ ఒక్క పేరు చిరునామాలో 81 అక్షరాలవుతుంది. ఇప్పుడు ఐత్వం సంగతి. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయొచ్చు, ఎత్వం, దాని కింద వచ్చే ఐత్వపు గుర్తు అని రెండుగా విడగొట్టి కూడా రాయొచ్చు. తెరమీద రెండూ ఒకేలా ఉంటాయి. మ్యాక్ కంప్యూటర్లలో ఎంతోకాలం నడిచిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైల్ సిస్టమ్ ఇలాంటి గుర్తులను విడగొట్టి దాచేది. అలాంటి మ్యాక్ నుంచి ఎక్కిన "హైదరాబాద్" ఫైలు పేరులో 10 గుర్తులుంటాయి, చిరునామా 90 అక్షరాలవుతుంది. తర్వాత విండోస్ నుంచి మరొకరు అదే పేరుతో దిద్దిన ఫైలు ఎక్కిస్తే, సర్వర్‌లో "హైదరాబాద్" ఫైళ్లు రెండు పక్కపక్కన కనిపిస్తాయి. ఎంత సేపు చూసినా తేడా తెలియదు.

కనిపించని మరో అక్షరం జెడ్‌డబ్ల్యూఎన్‌జే. పొల్లు హల్లుకు తర్వాతి అక్షరం ఒత్తుగా మారకుండా ఆపేది ఇదే. "హైదరాబాద్‌లో" అని రాసిన చోటు నుంచి "హైదరాబాద్" వరకు కాపీ చేసి ఫైలు పేరుగా పెడితే, చివర ఆ గుర్తు అంటుకుని వచ్చేస్తుంది. మాట చివర అది ఏ ఆకారాన్నీ మార్చదు కాబట్టి కంటికి ఆనదు. చిరునామాలో మాత్రం ఇంకో 9 అక్షరాలు చేరతాయి. అందుకే మార్చాల్సిన ఫైలు పేరును మళ్లీ టైపు చేయకూడదు. సర్వర్‌లో ఉన్న పేరునే కాపీ చేసి కొత్త ఫైలుకు పెట్టాలి. కొత్తగా మొదలుపెట్టే సైటైతే ఫైలు పేర్లు ఇంగ్లిషు చిన్నబడి అక్షరాలు, అంకెలు, అడ్డగీతలతోనే పెట్టుకోవడం మంచిది. ఇది భాషాభిమానానికి సంబంధించిన విషయం కాదు. బొమ్మ కింద వ్యాఖ్య, కంటిచూపు లేనివారికి స్క్రీన్ రీడర్ చదివి వినిపించే ఆల్ట్ వివరణ, ఇవి పాఠకులకు చేరేవి. తెలుగు అక్కడ నిండుగా ఉండాలి. బొమ్మ మార్చినప్పుడు ఆ రెండూ తిరగరాయడం మరచిపోతుంటారు. బొమ్మలో "ఉదయం" అని ఉండి ఆల్ట్ వివరణలో "సాయంత్రం" మిగిలిపోతే, వినేవాళ్లకు పాత తప్పే అందుతుంది.

ఎక్కించే తీరు కూడా ముఖ్యమే. సర్వర్‌లోకి ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీతో పాత ఫైలు మీదే కొత్తది రాస్తున్నప్పుడు, అది పూర్తయ్యేలోపు ఎవరైనా పేజీ తెరిస్తే వాళ్లకు సగం బొమ్మ వెళ్తుంది. నెట్ నెమ్మదిగా ఉండి ఫైలు పెద్దదైతే ఆ వ్యవధి చిన్నదేమీ కాదు. ఆ సగం బొమ్మ మధ్యలో ఉన్న ఏ క్యాషేలోనైనా (త్వరగా ఇవ్వడానికి నకళ్లు దాచుకునే చోటు) నిలిచిపోతే, ఎక్కించడం ముగిసిన తర్వాత కూడా అదే అందరికీ పోతుంది. కొత్త ఫైలును అదే ఫోల్డరులో తాత్కాలిక పేరుతో పూర్తిగా ఎక్కించి, ఆ తర్వాత పాత పేరుకు మార్చడం సురక్షితం. లినక్స్‌లో పేరు మార్పు ఒక్క దెబ్బలో జరిగిపోతుంది. చూసేవాళ్లకు పాతదైనా వస్తుంది, కొత్తదైనా వస్తుంది, మధ్యరకం రాదు.

సైటు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ వాడేవాళ్ల కష్టం వేరు. అక్కడ ఒక ఫొటో ఎక్కిస్తే ఒక్క ఫైలుతో ఆగదు. 150 పిక్సెళ్ల చదరపు ముక్క, 300, 768, 1024 పిక్సెళ్ల ప్రతులు తయారవుతాయి. 2019 నవంబరులో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి 1536, 2048 కూడా చేరాయి. అసలు ఫొటో 2560 పిక్సెళ్లు దాటితే, పేరు చివర 'స్కేల్డ్' అని తగిలించిన తగ్గింపు ప్రతి ఒకటి తయారై, సైటు దాన్నే వాడుతుంది. 2015 డిసెంబరులో వచ్చిన 4.4 వెర్షన్ నుంచి తెర వెడల్పును బట్టి వీటిలో ఏది సరిపోతే దాన్ని బ్రౌజరే ఎంచుకుంటుంది. ఇవేవీ తెలియక ఎఫ్‌టీపీ ద్వారా అసలు ఫైలు ఒక్కటే మార్చినవాళ్లు, పేజీలో ఏ మార్పూ లేదని తల పట్టుకుంటారు. మారింది ఎవరూ చూడని పెద్ద ఫైలు. ఫోనులో కనిపిస్తున్నది 768 ప్రతి.

పోనీ, ఆ ప్రతులన్నీ మళ్లీ తయారుచేయిస్తే? అక్కడ కొలతలు అడ్డొస్తాయి. ప్రతి ఫైలు పేరులో దాని వెడల్పు, ఎత్తు రాసి ఉంటాయి. డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా ఫొటో మామూలుగా 3:2 నిష్పత్తిలో ఉంటుంది, దాని పెద్ద ప్రతి పేరు 1024x683తో ముగుస్తుంది. దాని స్థానంలో ఫోనుతో 4:3లో తీసిన ఫొటో పెడితే కొత్త ప్రతి పేరు 1024x768 అవుతుంది. పాత వ్యాసాల్లో రాసి ఉన్నది 683. మూడేళ్ల కిందటి పోస్టులో ఆ బొమ్మ ఖాళీ అవుతుంది, ఎందుకో ఎవరికీ అంతుపట్టదు. మార్గం తేలికైనదే. కొత్త ఫొటోను పాతదాని నిష్పత్తికి, వీలైతే అవే పిక్సెళ్లకు కత్తిరించి అప్పుడు ఎక్కించాలి. కమాండ్‌తో ప్రతులను తిరిగి తయారుచేసే డబ్ల్యూపీ-సీఎల్‌ఐ మామూలుగా పాత ప్రతులను తొలగిస్తుంది. వాటిని ఉంచేయమని చెప్పే 'స్కిప్-డిలీట్' ఐచ్ఛికం అందులోనే ఉంది. నిష్పత్తి తప్పనిసరిగా మారుతున్నప్పుడు అది వాడి, పాత పేర్లున్న చోట దిద్దిన బొమ్మను ఆ కొలతల్లోనే చేతితో పెట్టడం కష్టమైన పనే గానీ, చేయదగిన పని.

మీడియా లైబ్రరీలో పాతది తొలగించి కొత్తది ఎక్కించడం అన్నిటికన్నా ఎక్కువ మంది చేసేది, అన్నిటికన్నా ఎక్కువ నష్టం తెచ్చేది. వర్డ్‌ప్రెస్ ఫైళ్లను మామూలుగా ఏడాది, నెల ఫోల్డర్లలో పెడుతుంది. 2019 మార్చి ఫొటోను తొలగించి ఇవాళ ఎక్కిస్తే అది ఇవాళ్టి నెల ఫోల్డరులోకి పోతుంది. తొలగించకుండా అదే నెలలో అదే పేరుతో ఎక్కిస్తే పేరు చివర 1 తగిలిస్తుంది. పైగా ప్రతి ఫొటోకు డేటాబేసులో ఒక సంఖ్య ఉంటుంది, వ్యాసం పైన కనిపించే ప్రధాన చిత్రం ఆ సంఖ్యతోనే ముడిపడి ఉంటుంది. తొలగిస్తే ఆ సంఖ్య పోతుంది. ఎనేబుల్ మీడియా రీప్లేస్ లాంటి ప్లగిన్లు (వర్డ్‌ప్రెస్‌కు తగిలించే అదనపు సాఫ్ట్‌వేర్లు) పుట్టింది ఈ బాధ తీర్చడానికే. అవి అదే సంఖ్య, అదే పేరు నిలిపి లోపలి ఫైలును మారుస్తాయి.

ఇంత జాగ్రత్తగా చేసిన తర్వాత పేజీ తెరిస్తే పాత బొమ్మే కనిపిస్తుంది. కారణం క్యాషే. ఫైలు సర్వర్‌లో మారింది, దాని పాత నకలు పాఠకుడి ఫోనులోనూ, మధ్యలో నకళ్లు దాచి పాఠకులకు అందించే సర్వర్ల వ్యవస్థ సీడీఎన్‌లోనూ ఉంది. ఆ నకలు ఎంతకాలం చెల్లుతుందో సర్వర్ పంపే 'క్యాషే-కంట్రోల్' అనే వరస చెబుతుంది. అందులో 'మాక్స్-ఏజ్' విలువ 31536000 అని ఉంటే అన్ని సెకన్లు, అంటే సరిగ్గా 365 రోజులు. సైటు వేగం పెరగాలని చాలామంది బొమ్మలన్నిటికీ ఈ సంఖ్యే పెట్టేస్తారు. ఆ తర్వాత అదే పేరుతో బొమ్మ మార్చితే, ఇప్పటికే చూసిన పాఠకుడికి ఏడాది వరకు పాతదే కనపడే అవకాశం ఉంది. సీడీఎన్‌లోని నకలును 'పర్జ్' చేసి తుడిచేయొచ్చు. పాఠకుడి ఫోనులోని నకలు దగ్గరకు ఎవరి చెయ్యీ చేరదు.

గడువు ఏదీ చెప్పకుండా వదిలేసినా ఇబ్బందే. అప్పుడు బ్రౌజర్ తనే ఊహిస్తుంది. ఫైలు చివరిసారి మారి ఎన్నాళ్లయిందో చూసి, అందులో పదో వంతు కాలం నకలును నమ్మొచ్చనుకోవడం వాడుకలో ఉన్న లెక్క. 100 రోజుల కిందటి బొమ్మ 10 రోజులు నిలుస్తుంది, వెయ్యి రోజుల కిందటిది 100 రోజులు. ఎంతో కాలంగా కదలని బొమ్మను దిద్దినప్పుడే మార్పు కనిపించడం అంత ఆలస్యం కావడానికి ఇదొక కారణం.

అదే పేరుతో మారే అవకాశమున్న బొమ్మలకు గడువు తక్కువ పెట్టి, సర్వర్ 'ఈట్యాగ్' పంపేలా చూసుకోవాలి. ఈట్యాగ్ అంటే ఫైలు తాలూకు వేలిముద్ర లాంటిది. గడువు తీరాక బ్రౌజర్ "నా దగ్గర ఈ ముద్ర ఉన్న ప్రతి ఉంది, ఇదే ఇంకా చెల్లుతుందా" అని అడుగుతుంది. మారకపోతే సర్వర్ 304 అని చిన్న జవాబిస్తుంది, బొమ్మ మళ్లీ ప్రయాణం చేయదు. మారితే కొత్తది పంపుతుంది. 'నో-క్యాషే' అనే మాట చూసి నకలు దాచుకోవద్దని అర్థం చేసుకుంటారు గానీ, దాని అసలు అర్థం దాచుకో, వాడే ముందు ప్రతిసారీ అడుగు అని. దిద్దుబాట్లు తరచూ జరిగే టైంటేబుల్, ధరల పట్టిక లాంటి బొమ్మలకు అది చక్కగా సరిపోతుంది.

తమ పేజీలో వెంటనే మార్పు చూపించాలనుకునేవాళ్లకు పాతకాలపు చిట్కా ఒకటి ఉంది. ఫైలు పేరు తర్వాత ప్రశ్నార్థకం పెట్టి, వెర్షన్ 2 అని తగిలించడం. బ్రౌజర్ దాన్ని కొత్త చిరునామాగా భావించి తాజా బొమ్మ తెచ్చుకుంటుంది. సర్వర్‌కు మాత్రం అదే ఫైలు. బయటివాళ్లు వాడిన, తోక లేని పాత చిరునామా కూడా పనిచేస్తూనే ఉంటుంది, వాళ్ల నకలు గడువు తీరాక అక్కడా కొత్తదే వస్తుంది. ఉన్న పద్ధతుల్లో ఇదే ఎక్కువ సైట్లకు తగినది.

ఫైలులోని సమాచారం నుంచే పేరు పుట్టించే పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. బొమ్మలో ఒక్క చుక్క మారినా పేరు మారిపోతుంది, కాబట్టి క్యాషే బెడద ఉండదు. ఏడాది గడువు ధైర్యంగా పెట్టుకోవచ్చు. కానీ సైటు కొత్త వెర్షన్ పెట్టిన ప్రతిసారీ పాత ఫోల్డరు తుడిచేసే అలవాటుంటే, బయటి లింకులన్నీ ప్రతిసారీ తెగుతాయి. ఈ పద్ధతి ఎంచుకున్నవాళ్లు పాత ఫైళ్లను తుడవకూడదు. ఒక బొమ్మ పడి ఉండటానికి అయ్యే డిస్కు ఖర్చు లెక్కలోకి కూడా రాదు.

ఫైలు రకం మారుస్తున్నప్పుడు కూడా లింకులు పెద్దఎత్తున తెగుతుంటాయి. గూగుల్ 2010లో ప్రకటించిన వెబ్‌పీ తక్కువ సైజులో అదే నాణ్యత ఇస్తుందని సైటులోని జేపీజీలన్నిటినీ మార్చేసి, పాతవి తీసేస్తారు. ఎక్స్‌టెన్షన్ మారింది, చిరునామా మారింది. జేపీజీని అక్కడే ఉంచి, పేజీలో 'పిక్చర్' ట్యాగుతో రెండూ చూపిస్తే బ్రౌజర్ తనకు చేతనైనది ఎంచుకుంటుంది. లేదా బ్రౌజర్ పంపే 'యాక్సెప్ట్' వరసను బట్టి సర్వరే ఒకే చిరునామా నుంచి తగిన రకాన్ని పంపొచ్చు. అప్పుడు జవాబులో 'వేరీ: యాక్సెప్ట్' అని చెప్పడం మరిస్తే, మధ్యలోని క్యాషే ఒకరికి ఇచ్చిన రకాన్నే అందరికీ ఇచ్చేస్తుంది.

చిరునామా మారక తప్పనప్పుడు 301 దారిమళ్లింపు ఉంది, అంటే పాత చిరునామా అడిగినవాళ్లను సర్వరే కొత్తదానికి పంపడం. బొమ్మలకూ అది పనిచేస్తుందని చాలామందికి తెలియదు. ఏ పాత బొమ్మ ఏ కొత్త బొమ్మకు పోవాలో ఒక్కొక్కటిగా రాయాలి. కనపడని ఫైళ్లన్నిటినీ హోం పేజీకి మళ్లించడం మాత్రం వద్దు. బొమ్మ అడిగిన బ్రౌజర్‌కు పేజీ పంపితే అది చూపించేది విరిగిన బొమ్మ గుర్తునే, లోపం మాత్రం సర్వర్ చిట్టా అయిన లాగ్‌లో 404గా, అంటే ఫైలు లేదని, నమోదవకుండా దాక్కుంటుంది. ఎవరి అనుమతీ లేకుండా పెట్టిన ఫొటో అయితే నిలపడం, మళ్లించడం ప్రసక్తే లేదు. చిన్న ప్రతులతో సహా తీసేసి, సీడీఎన్‌లో తుడిచి, 410 అని జవాబివ్వాలి. ఆ ఫైలు ఇక రాదని చెప్పే సంఖ్య అది.

ఇదంతా ఒకేచోట శ్రద్ధగా అమలవడం చూడాలంటే వికీమీడియా కామన్స్ వైపు చూడాలి. తెలుగు వికీపీడియాతో సహా అన్ని భాషల వికీపీడియాలూ ఎక్కువ ఫొటోలు తెచ్చుకునేది అక్కడి నుంచే. అక్కడ ఫైలు చిరునామాలోని ఫోల్డరు పేరు, ఫైలు పేరు నుంచి లెక్కగట్టిన ఎండీ5 అనే గుర్తింపు విలువలోని మొదటి అంకెలతో తయారవుతుంది. లోపలి బొమ్మ మారినా పేరు అదే కాబట్టి దారి అదే. కొత్త ప్రతి ఎక్కించగానే పాతది తేదీ, సమయం ముద్రతో ఆర్కైవ్ ఫోల్డరులోకి వెళ్తుంది. ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు అన్నది ఫైలు పేజీలో అందరికీ కనిపిస్తుంది. పేరు మార్చినా పాత పేరు దగ్గర దారిమళ్లింపు మిగులుతుంది. చిన్న మెరుగులకే పాతదాని మీద కొత్తది ఎక్కించాలనీ, చెప్పుకోదగ్గ తేడా ఉంటే వేరే పేరుతో పెట్టాలనీ వారి నియమం. ఒక కోట ఫొటోలో వంకర సరిచేస్తే అదే పేరు, అదే కోటను వేరే రోజు వేరే కోణంలో తీస్తే వేరే పేరు. ఈ గీత గీసుకోవడానికి కోట్ల ఫైళ్లున్న సైటు కానక్కరలేదు.

కొన్ని చోట్లకు ఏ జాగ్రత్తా చేరదు. వాట్సాప్‌లో లింకు పంపినప్పుడు కనిపించే చిన్న బొమ్మ పంపినవారి ఫోనులోనే తయారై సందేశంతో పాటు వెళ్లిపోతుంది, దాన్ని వెనక్కి పిలవలేం. ఫేస్‌బుక్ బొమ్మను చిరునామా ఆధారంగా దాచుకుంటుంది కాబట్టి, షేరింగ్‌లో కొత్తది కనపడాలంటే ఆ ఒక్క చోట కొత్త చిరునామా ఇవ్వాల్సిందే. పాతది అలాగే ఉండనివ్వాలి.

మార్చిన తర్వాత తనిఖీ ఆఫీసు కంప్యూటర్లో కాకుండా, వైఫై ఆపేసిన ఫోనులో, ప్రైవేటు విండోలో, బొమ్మ చిరునామాను నేరుగా తెరిచి చేయాలి. వారం గడిచాక సర్వర్ లాగ్‌లో 404 వచ్చిన బొమ్మ ఫైళ్లను వేరు చేసి చూడాలి. ఇప్పుడు తెగినవే కాకుండా, ఎప్పుడో తెగినవి కూడా అక్కడ బయటపడతాయి. ఏళ్ల కిందట తీసేసిన ఒక పట్టిక కోసమో, ఒక ఊరి గుడి ఫొటో కోసమో ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. ఆ ఫైలు పాత హార్డ్ డిస్కులో దొరికితే, లాగ్‌లో ఉన్న పేరునే కాపీ చేసి అదే ఫోల్డరులో పెడితే చాలు, ఎవరెవరో ఎక్కడెక్కడో ఇచ్చిన లింకులన్నీ ఆ క్షణం నుంచి మళ్లీ తెరుచుకుంటాయి.